తక్కువ ధర కండెన్సర్ మైకు: ఇంట్లో డప్పు, హార్మోనియం, వీణ రికార్డు చేసుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా మేడ మీద పది బై పది గది ఒకటుంది. ఒగ్గు కథ డోలు నుంచి సంగీత కళాశాల పిల్లల వీణ దాకా అందులో ఏదో ఒకటి రికార్డవుతూనే ఉంటుంది. బతుకమ్మకు నెల ముందు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పాట చేస్తున్నం, ఏ మైకు కొనాలె?" ఒకటే జవాబు పదిమందికి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోదా?

బాణీ మరిచిపోకుండా దాచుకోవడానికి సరిపోతుంది. నిజానికి ఫోన్‌లో ఉన్నదీ ఒక బుల్లి కండెన్సర్ మైకే. కానీ ఫోన్ తయారైంది మాటల కోసం. గట్టి శబ్దం వస్తే తనంతట తానే తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే పెంచుతుంది, ఆగకుండా సాగేదాన్ని రొద అనుకుని చెరిపేస్తుంది. డప్పు మొదటి దెబ్బ ఫెళ్లున వచ్చి, తర్వాతివి దుప్పటి కింద కొట్టినట్టు వినిపించేది అందుకే. తంబూరా శ్రుతిని ఫ్యాన్ హోరనుకుని మింగేసిన ఫోన్‌ను నేను చూశాను.

కండెన్సర్‌కూ, సభల్లో వాడే మామూలు మైకుకూ తేడా ఏమిటి?

సభల్లో చేత్తో పట్టుకునేది ఎక్కువగా డైనమిక్ మైకు. అందులో పల్చటి పొరకు ఒక తీగచుట్ట అంటుకుని ఉంటుంది. శబ్దం తగిలితే ఆ చుట్ట అయస్కాంతం మధ్య కదిలి కరెంటు పుడుతుంది. చుట్టకు బరువుంది కాబట్టి సన్నటి కదలికలకు అది అంత త్వరగా లేవదు. కండెన్సర్‌లో చుట్ట ఉండదు. మైక్రాన్లలో కొలిచే పొర ఒకటి, దాని వెనక ఒక లోహపు పలక, రెంటికీ మధ్య విద్యుదావేశం, అంతే. పొర ఏ కొంచెం వణికినా సిగ్నల్ మారుతుంది. వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు, వేణువులో ఊపిరి, హార్మోనియం తిత్తి మూలుగు, అన్నీ పడతాయి. పక్కింటి కుక్కర్ విజిల్ కూడా పడుతుంది.

ఈ రకం మైకును వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఇ.సి. వెంటే 1916లోనే తయారుచేశాడు. చాలాకాలం అది పెద్ద స్టూడియోల సొత్తు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఆవేశాన్ని తనలోనే శాశ్వతంగా దాచుకునే ఎలక్ట్రెట్ పొరతో మైకు చేశారు. మన చేతికి చవకగా అందుతున్న మైకుల్లో చాలావరకు దాని వారసులే.

48 వోల్టులు అంటారు, అదేంటి? లాప్‌టాప్‌కు నేరుగా పెట్టుకోవచ్చా?

కండెన్సర్ లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. సిగ్నల్ వచ్చే కేబుల్ గుండానే ఆ 48 వోల్టులు పైకి వెళతాయి. దీన్ని ఫాంటమ్ పవర్ అంటారు. లాప్‌టాప్ మైక్ సాకెట్ దీన్ని ఇవ్వలేదు. మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె ఉండాల్సిందే. మైకు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఫాంటమ్ ఆపండి. స్పీకర్లు, హెడ్‌ఫోన్లు తగ్గించి ఉంచండి, లేకపోతే 'ఠప్' అని చెవి అదురుతుంది.

వెయ్యి, పదిహేను వందలకు బీఎం-800 అనే కండెన్సర్ మైకు వస్తోంది కదా?

నా మొదటి మైకు అదే. పెట్టెలో స్టాండు, స్పాంజి, ఒకవైపు లాప్‌టాప్‌కు పెట్టే సన్న పిన్నున్న కేబుల్, అన్నీ వచ్చాయి. అంత తక్కువకు ఇన్ని వచ్చాయంటే మైకు మీద పెట్టిన ఖర్చెంతో అప్పుడే అర్థం కావాల్సింది. ఆ కేబుల్‌తో నేరుగా పెడితే గాలివాన కురుస్తున్నట్టు సుయ్‌మంటుంది. సరైన ఇంటర్‌ఫేస్‌తో 48 వోల్టులు ఇస్తే కాస్త మనుషుల్లో పడుతుంది. కానీ ఒకే పేరుతో పది రకాలు తయారవుతాయి, మీకొచ్చేది ఏ రకమో తెలియదు. మాటలకు పర్లేదు. వాయిద్యాలకు వద్దంటాను.

మరి దేనితో మొదలుపెట్టాలి?

నన్నడిగితే ఆడియో-టెక్నికా ఏటీ2020తో. 144 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది, డప్పుకు బెదరదు. ధ్వనిలో పెద్ద అందమేమీ ఉండదు, అలాగని అబద్ధమూ చెప్పదు. దానికంటే ఒక మెట్టు పైన ఏటీ2035 ఉంది. అందులో 80 హెర్ట్జ్ కింది గుంగుం కోసేసే స్విచ్చు, 10 డెసిబెల్స్ తగ్గించే స్విచ్చు ఉంటాయి. ఇంకాస్త పెట్టగలిగితే రోడ్ ఎన్‌టీ1-ఏ. దాని పైస్థాయి కొందరికి కొంచెం పదునుగా తోస్తుంది. వయొలిన్ మీద నాకూ అలాగే అనిపించింది, మృదంగం మీద మాత్రం ముచ్చటేసింది.

డబ్బంతా మైకుకే పోయకండి. ఇంటర్‌ఫేస్‌కు, బరువైన బూమ్ స్టాండుకు, ఒక మంచి కేబుల్‌కు తీసి పక్కన పెట్టుకున్నాకే మిగిలినదానితో మైకు చూడండి. బెరింగర్ యూఎం2, ఎం-ఆడియో ఎం-ట్రాక్ సోలో లాంటి చిన్న పెట్టెలు కూడా 48 వోల్టులు ఇస్తాయి. రెండు మైకుల ఆలోచన ఉంటే బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీ గానీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 గానీ చూడండి. బల్ల మీద పెట్టే మూడు వందల స్టాండు మాత్రం కొనకండి. హార్మోనియం తిత్తి ఊపిన ప్రతిసారీ బల్ల కదిలి ఆ అదురు మైకులోకి ఎక్కుతుంది.

'సెల్ఫ్ నాయిస్' అంకె ఎంత ఉంటే మంచిది?

ఏ శబ్దం లేకున్నా మైకు తనలో తాను చేసే రొదే సెల్ఫ్ నాయిస్. ఏటీ2020కి 20 డెసిబెల్స్, ఏటీ2035కి 12, ఎన్‌టీ1-ఏకి 5. అంకె తగ్గేకొద్దీ మంచిదే. కానీ ఆ 5 కోసం డబ్బు పెట్టే ముందు రాత్రి పదకొండింటికి ఫ్యాన్ ఆపి మీ గదిలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫ్రిజ్ మూలుగు, రోడ్డు మీద ఆటో, దూరంగా ఎవరిదో బోరు మోటారు వినిపిస్తున్నాయా? అయితే గది రొద ముప్పై పైనే ఉంటుంది. ముప్పై కింద మునిగిపోయే ఇరవైకి, ఐదుకు తేడా మీకు ఎప్పటికీ వినపడదు.

మీ వాయిద్యమేదో కూడా చూసుకోవాలి. డోలు, డప్పు, హార్మోనియం గొంతు పెద్దవి, మైకు సొంత రొద వాటి వెనక దాక్కుంటుంది. వీణ, తంబూరా, మెల్లగా మీటే గిటార్ అలా కాదు. వీటికి గెయిన్, అంటే ఇంటర్‌ఫేస్ మీద సిగ్నల్‌ను పెంచే మీట, బాగా పెంచాలి, గెయిన్‌తో పాటు రొదా పెరుగుతుంది. ఊరి చివర నిశ్శబ్దమైన ఇల్లుండి వీణ వాయించేవాళ్లయితే ఎన్‌టీ1-ఏ కొనండి. వరంగల్ చౌరస్తాలో ఉండి డోలక్ వాయించేవాళ్లయితే ఏటీ2020 చాలు, మిగిలిన డబ్బుతో గొంగళ్లు కొనుక్కోండి. గొంగళ్ల సంగతి కిందికి వస్తుంది.

పెద్ద డయాఫ్రమా, చిన్నదా?

డయాఫ్రమ్ అంటే పైన చెప్పిన ఆ పల్చటి పొరే. సుమారు అంగుళం పొర ఉన్నవి పెద్దవి, అర అంగుళం ఉన్నవి చిన్నవి. ఏటీ2020 రెంటికీ మధ్యలో, 16 మిల్లీమీటర్లు. పెద్దది గొంతుకు నిండుదనం ఇస్తుంది. పెన్సిల్‌లా ఉండే చిన్నది పక్క నుంచి వచ్చే శబ్దాన్ని కూడా రంగు మార్చకుండా పడుతుంది, తాళాలు, చిరుతలు, వయొలిన్ లాంటివాటికి బాగుంటుంది. బెరింగర్ సీ-2, రోడ్ ఎం5 జతగానే అమ్ముతారు. పాట కూడా పాడతారా? పెద్దది తీసుకోండి. వాయిద్యం ఒక్కటేనా? చిన్నదీ చూడండి.

యూఎస్‌బీ మైకు కొంటే ఇంటర్‌ఫేస్ ఖర్చు తప్పుతుంది కదా?

తప్పుతుంది. ఒక్కరే, ఒక్క వాయిద్యమే, ఎప్పటికీ అంతే అనుకుంటే కొనండి. రేపు రెండో మైకు కావాలంటే మాత్రం మళ్లీ మొదటికొస్తారు.

మైకుకు ముఖం ఎటు?

ఎగతాళి అనుకోకండి, అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. పెద్ద డయాఫ్రమ్ మైకులు పక్క నుంచి వింటాయి, నెత్తి నుంచి కాదు. సాధారణంగా కంపెనీ గుర్తు ఉన్న వైపే ముఖం. నేను మొదటి నెలంతా మైకు నెత్తిని హార్మోనియం వైపు వంచి పెట్టి, ధ్వని మొద్దుగా వస్తోందని మైకును తిట్టాను. ఓ రోజు మా మేనకోడలు "మామా, అది పక్కకు చూస్తుందేమో" అంది. ఆరో తరగతి పిల్ల! పెన్సిల్ మైకులైతే కొసతోనే వింటాయి.

ఈ ధరలో దాదాపు అన్నీ కార్డియాయిడ్ రకం. ముందు నుంచి బాగా వింటాయి, వీపు వైపు చెవుడు. కాబట్టి రొద ఎటు నుంచి వస్తుందో, కిటికీయో తలుపో, ఆ వైపుకు మైకు వీపు పెట్టండి.

డప్పు ఎలా రికార్డు చేయాలి?

గదిలో వద్దు. ఇది నా పట్టుదలే అనుకోండి. పది బై పది గదిలో డప్పు కొడితే ఒక్కో దెబ్బకు గోడలు నాలుగు దెబ్బలు తిరిగి కొడతాయి. తెల్లవారుజామున డాబా మీద చేయండి, పైన ఆకాశం తప్ప తిరగ్గొట్టేది ఉండదు. మైకుకు స్పాంజి తొడగండి, గాలి తగలకుండా.

మైకు మీటరున్నర దూరంలో, డప్పు మధ్యకు సూటిగా కాకుండా కొంచెం పక్కగా. దగ్గర పెడితే చిర్ర అనే లావు కర్ర దెబ్బ ఒక్కటే పడి, సిటికెన పుల్ల చేసే చిన్న చిన్న పలుకులు పోతాయి. దరువులో ప్రాణమంతా ఆ పుల్లలోనే ఉంది. శబ్దం చిరిగినట్టు వస్తే తప్పు మైకుది కాకపోవచ్చు. మైకు 144 తట్టుకున్నా ఇంటర్‌ఫేస్ ముందే చేతులెత్తేస్తుంది. గెయిన్ పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, ఎర్ర లైటు వెలగని చోట ఆపండి.

ఇంకో సంగతి. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాపుతారు, తోలు బిగుసుకోవడానికి. కాసేపటికి అది సడలుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా త్వరగా. మొదటి టేకులో కంగుమన్నది మూడో టేకులో బొద్దుగా పలుకుతుంది. రెండు టేకులను అతికించాలనుకుంటే ప్రతి టేకుకూ ముందు మళ్లీ కాపమనండి. కాగితాలు, గడ్డి, అగ్గిపెట్టె దగ్గర పెట్టుకోవడం కూడా రికార్డింగ్ ఏర్పాట్లలో భాగమే.

హార్మోనియం వాయిస్తూ పాడతాను. ఒక్క మైకు చాలా?

చాలు. ఒక్కదాంతోనే బాగుంటుంది కూడా. నోటికి అడుగున్నర దూరంలో, గడ్డం ఎత్తుకు కొంచెం పైన పెట్టి, మైకు ముఖాన్ని కొద్దిగా కిందికి వంచండి. హార్మోనియం ఎక్కువగా వస్తే మైకును పైకి జరపండి, గొంతు ఎక్కువైతే కిందికి. రెండు వేళ్ల వెడల్పు జరిపినా తేడా తెలుస్తుంది. గొంతుకొకటి, పెట్టెకొకటి అని రెండు మైకులు దగ్గర దగ్గరగా పెడితే రెంటిలోనూ రెండూ పడి, కలిపినప్పుడు ధ్వని డొల్లగా మారుతుంది.

పాత పెట్టె అయితే మెట్ల టకటకలు, తిత్తి కిర్రుమనడం తప్పవు. తిత్తి బందు దగ్గర ఒక చుక్క నూనె వేయించండి, ఏ సాఫ్ట్‌వేర్ కన్నా బాగా పనిచేస్తుంది.

వీణ, వేణువు, వయొలిన్?

వీణకు కుండ వైపు, అడుగు నుంచి అడుగున్నర దూరంలో, కొంచెం పై నుంచి. మెట్ల మీద వేలు జారే చప్పుడు ఎక్కువైతే మైకును కుండ వైపు ఇంకాస్త తిప్పండి. అలాగని దాన్ని పూర్తిగా తీసేయాలని చూడకండి, గమకం వినపడేది ఆ జారుడులోనే.

వేణువుకు ఊదే రంధ్రం ఎదుట మైకు పెడితే గాలి నేరుగా పొరకు కొట్టుకుంటుంది, సంగీతం మీద ఈదురుగాలి వచ్చినట్టుంటుంది. వాయించేవారి కనుబొమల ఎత్తులో, వేళ్లున్న రంధ్రాల వైపు చూస్తూ ఒకటిన్నర అడుగు దూరంలో పెట్టండి. వయొలిన్‌కు రెండు మూడు అడుగుల ఎత్తు నుంచి. దగ్గరికి వెళితే కమాను రాపిడి చెవిలో గీకినట్టుంటుంది.

గిటార్?

పన్నెండో ఫ్రెట్ వైపు, ముప్పావు అడుగు నుంచి అడుగు దూరంలో. రంధ్రం ముందు వద్దు, గుంగుం.

మైకు దగ్గరికి వెళితే ధ్వని బరువెక్కుతుంది, ఎందుకు?

కార్డియాయిడ్ మైకుల స్వభావమే అంత. అడుగులోపు దగ్గరయ్యేకొద్దీ కింది స్థాయి ఉబ్బుతుంది. గొంతుకు అప్పుడప్పుడు అందం, డోలుకు ఆపద.

గదిలో ప్రతిధ్వని తగ్గించడం ఎలా? కోడిగుడ్ల అట్టలు అంటించాను.

తీసేయండి. అవి చూడ్డానికి స్టూడియోలా ఉంటాయి తప్ప శబ్దాన్ని పీల్చేంత మందం వాటికి లేదు.

మన ఇళ్లన్నీ సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్సు. గది మధ్యలో నిలబడి ఒక చప్పట్లు కొట్టండి. చివర 'జ్ర్ర్' మని తీగ మోగినట్టు వినిపిస్తే మీ శత్రువు అదే. ఎంత ఖరీదైన కండెన్సర్ పెడితే అంత స్పష్టంగా ఆ 'జ్ర్ర్' రికార్డవుతుంది.

మన దగ్గర దీనికి మందు ఇంట్లోనే ఉంది. గొంగడి. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన అసలు నల్ల గొంగడి దొరికితే వదలకండి. మా అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చిన రెండు గొంగళ్లే నా గదికి ఆధారం. గోడకు అంటించి కొట్టకండి. తాడు కట్టి గోడకు జానెడు దూరంలో, మడతలు పడేలా వేలాడదీయండి. 10 సెంటీమీటర్ల ఖాళీ ఉన్నా సుమారు 850 హెర్ట్జ్ దగ్గర కూడా బాగా పనిచేస్తుంది, అదే గోడకు అతుక్కుంటే బాగా పై స్థాయిలనే మింగుతుంది. వానాకాలంలో గొర్రెల మంద మధ్య పాడుతున్నట్టు వాసనొస్తుంది, అదొక్కటే ఇబ్బంది.

కింద పరచడానికి కొత్తవాడ షత్రంజీ ఉండనే ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ షత్రంజీలు ఇవే. నూలువి కాబట్టి ఒక్కటి పరిస్తే పెద్దగా పీల్చదు. రెండు మూడు మడతలేసి వాయించేవారి కింద, మైకు కింద వేయండి. ఒక మూల పరుపు నిలబెట్టండి, బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచండి. మైకును గది సరిగ్గా మధ్యలో పెట్టకండి. నాది పది బై పది గది కావడంతో సుమారు 56 హెర్ట్జ్ దగ్గర డోలు మోత మూలల్లో ఉబ్బుతుంది, మధ్యలో మాయమవుతుంది. పైకప్పు కూడా పదడుగులే అయితే ఆ పీడ మూడింతలు. వీటిలో ఏదీ బయటి శబ్దాన్ని లోపలికి రాకుండా ఆపదు, లోపలి ప్రతిధ్వనినే తగ్గిస్తుంది. బయటి రొదకు ఇది మందు కాదు.

కాజీపేట రైళ్లు, ఇన్వర్టరు, ఫ్యాన్ సంగతి?

రైలు కూతను ఏ మైకూ ఆపలేదు. కాజీపేట జంక్షన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు రెండు కూతల మధ్య వాయించడం నేర్చుకోవాల్సిందే. నేను ప్రతి చరణాన్ని విడిగా మూడుసార్లు తీస్తాను, ఒకటైనా శుభ్రంగా దొరుకుతుంది. కూత పడిన టేకు ఎంత బాగొచ్చినా తుడిచేయడానికి మనసొప్పదు, నా దగ్గర అలాంటివి ఓ ఫోల్డరు నిండా ఉన్నాయి.

ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో అది శిక్షే. పది నిమిషాలు రికార్డింగు, పది నిమిషాలు ఫ్యాను అని వంతులు పెట్టుకోండి. చెమట చేతులతో వీణ మీద వేలు జారదు, పట్టేస్తుంది. కూలరు పక్క గదిలో ఉన్నా వినపడుతుంది.

'గుర్ర్' మనే సన్నని మోత వేరే జబ్బు. లాప్‌టాప్ చార్జర్ తీసేయండి. మోత ఆగిందా? ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవచ్చు. చార్జర్ పెట్టి ఉంచి మైకు ఒంటిని చేత్తో తాకితే మోత తగ్గినా అనుమానం అదే. బ్యాటరీ మీదే రికార్డు చేయండి, ఆ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు వచ్చే జుయ్‌మనే శబ్దం పాతరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లది. అప్పుడు కూడా బ్యాటరీయే దిక్కు.

రెండు మైకులు పెడితే ఇంకా బాగుంటుందా?

మొదటి ఆరు నెలలు ఒక్కదాంతో సరిపెట్టుకోండి. ఎక్కడ పెడితే ఎలా వస్తుందో చెవికి తెలిశాక రెండోది. ఇద్దరు వాయిస్తుంటే లెక్క ఇది: వాయిద్యానికి మైకు ఒక అడుగు దూరంలో ఉంటే, మైకుకూ మైకుకూ మధ్య కనీసం మూడడుగులు. చిన్న గదిలో అది కుదరదు, అందుకే నేను డోలక్, పాట వేర్వేరుగా తీస్తాను.

రికార్డింగ్ లెవెల్ ఎంత పెట్టాలి? ఏ సాఫ్ట్‌వేర్?

మీ పెట్టె ఇస్తే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. బాగా గట్టిగా వాయించినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. రిహార్సల్‌లో ఎవరూ పూర్తి బలంతో వాయించరు, అసలు టేకు వచ్చేసరికి ఊపొస్తుంది, దానికి చోటు వదలండి. ఆడాసిటీ ఉచితం, నేర్చుకోవడానికి చాలు. రీపర్‌ను 60 రోజులు పరీక్షించి చూడొచ్చు.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

వాయించి చూశాక అయితే తీసుకోవచ్చు. నేనొకసారి పేరున్న కంపెనీ మైకని ఒకరి దగ్గర సగం ధరకు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే గుర్తు మీద అచ్చు కొంచెం వంకర, చేతిలో అసలు దానికుండే బరువు లేదు. నకిలీ. పేరున్న మోడళ్లకే నకిలీలు ఎక్కువ. కొనేముందు మీ ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి. ఎవరూ మాట్లాడకుండా గెయిన్ పెంచి ఒక నిమిషం వినండి. చిటపటలు, ఉన్నట్టుండి గుటుక్కుమనే శబ్దాలు వస్తే దండం పెట్టి వచ్చేయండి. కొత్తదైనా బిల్లు, వారంటీ లేకుండా కొనకండి.

వానాకాలంలో మైకు కరకరలాడుతోంది, పాడైందా?

చాలాసార్లు తేమే. పొరకూ పలకకూ మధ్య తేమ చేరితే ఆవేశం నిలవక చిటపటమంటుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి రెండు రోజులు ఉంచండి, ఎక్కువసార్లు కోలుకుంటుంది. బియ్యంలో పెట్టకండి, పిండి దుమ్ము జాలీలోకి పోతుంది. మైకు పనిచేస్తుందా లేదా అని నోటితో 'ఫూ' అని ఊదకండి, వేలితో తట్టకండి. రికార్డింగ్ అయ్యాక స్టాండు మీదే వదిలేయకుండా డబ్బాలో పెట్టండి. మా ఇంట్లో ఆ డబ్బా మీద 'పంచదార కాదు' అని రాసి ఉంటుంది.